థైరాయిడ్ మాత్ర మొదలైందా? ఇంటింటా అడిగే ప్రశ్నలు

పద్నాలుగేళ్ళుగా పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను. మా అమ్మ నాకంటే ముందు నుంచే వేసుకుంటోంది. మా ఆడపడుచుకి పోయిన ఏడాది మొదలైంది. అందుకని బంధువుల్లో ఎవరి రిపోర్టులో టీఎస్‌హెచ్ అంకె కాస్త లావుగా అచ్చయి కనబడినా ఆ ఫొటో ముందు నా వాట్సాప్‌కే వస్తుంది. నేను డాక్టర్ని కాదు, ఎవరికీ డోసు చెప్పను. కానీ అడిగిందే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు కాబట్టి అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. ఇందులో ఎక్కువ భాగం థైరాయిడ్ తగ్గడం గురించే. పెరగడం గురించి చివర్లో కొంచెం ఉంది.

థైరాయిడ్ అంటే జబ్బు పేరా?

కాదు. "నాకు థైరాయిడ్ ఉంది" అంటాం గానీ అది అందరికీ ఉంటుంది. గొంతు ముందు భాగంలో, కంఠం ముడికి కాస్త కింద, సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్టు ఉండే గ్రంథి. పెద్దవాళ్ళలో 15 నుంచి 20 గ్రాముల బరువు ఉంటుందేమో, అంతే. చిన్నప్పుడు జీవశాస్త్రం పుస్తకంలో అవటు గ్రంథి అని బట్టీ పట్టింది దీన్నే. ఇది తయారుచేసే థైరాక్సిన్ అనే హార్మోను ఒంట్లో దాదాపు ప్రతి అవయవం ఎంత చురుగ్గా పనిచేయాలో నిర్ణయిస్తుంది. గుండె వేగం, పేగుల కదలిక, ఒంటి వేడి, నెలసరి, నరాలు, మనసు, అన్నీ దీని లెక్కలోకే వస్తాయి. అందుకే ఇది తగ్గితే ఫలానా చోట నొప్పి అని చూపించడానికి ఏమీ ఉండదు. ఒళ్ళంతా బద్ధకంగా, బరువుగా అనిపిస్తుంది. వయసు వల్లేమో, పని ఎక్కువై ఏమో అని సర్దిచెప్పుకుంటూ నెలలు గడిపేస్తాం.

టీఎస్‌హెచ్ పెరిగిందని రిపోర్టులో ఉంది. డాక్టరేమో థైరాయిడ్ తగ్గింది అంటున్నారు. ఏది నిజం?

రెండూ నిజమే. టీఎస్‌హెచ్ థైరాయిడ్ నుంచి వచ్చేది కాదు. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి నుంచి వస్తుంది. థైరాయిడ్‌ని పని చేయించడం దాని బాధ్యత. పనివాడు నెమ్మదిస్తే మేస్త్రీ కేకలు పెంచుతాడు కదా, రిపోర్టులో మీకు కనబడుతున్న అంకె ఆ మేస్త్రీ గొంతు. అంకె పెరిగిందంటే కింద పని జరగడం లేదని అర్థం. పనివాడు మరీ ఎక్కువ చేసేస్తుంటే మేస్త్రీ నోరు మూసుకుంటాడు, అప్పుడు టీఎస్‌హెచ్ బాగా పడిపోతుంది.

మామూలుగా 0.4 నుంచి 4 దాకా ఉంటే సరిగ్గా ఉన్నట్టు. ల్యాబ్‌ని బట్టి ఈ హద్దులు కొంచెం మారతాయి కాబట్టి మీ రిపోర్టులో పక్కనే ఇచ్చిన హద్దుతో పోల్చుకోండి.

నాకు 6 వచ్చింది. మాత్ర మొదలుపెట్టాల్సిందేనా?

అలా ఏమీ లేదు. టీఎస్‌హెచ్ కొంచెం పెరిగి, టీ4 (రిపోర్టులో థైరాక్సిన్‌కి రాసే పేరు) మాత్రం మామూలుగానే ఉంటే చాలామంది డాక్టర్లు రెండు మూడు నెలలు ఆగి మళ్ళీ పరీక్ష చేయిస్తారు. కొందరికి దానంతట అదే దిగుతుంది. జ్వరం వచ్చి తగ్గిన కొత్తలో పరీక్ష చేయించుకున్నా అంకె కాస్త ఎక్కువ రావచ్చు. వయసు పైబడినవాళ్ళలో సహజంగానే కొంత పెరుగుతుంది, డెబ్భై దాటిన తాతగారికి 6 వచ్చిందని ఇల్లంతా హడావుడి పడక్కర్లేదు. పది దాటితే మాత్రం సాధారణంగా మందు ఇస్తారు. గర్భిణులకూ, గర్భం కోసం చూస్తున్నవాళ్ళకూ లెక్క వేరు, అది కింద రాశాను.

ఎందుకొచ్చింది? ఉప్పు తక్కువ తిన్నందుకా?

ఇప్పుడు మన ఊళ్ళలో కనబడేది చాలావరకు అయోడిన్ లోపం వల్ల వచ్చేది కాదు. ఒంట్లో రక్షణ కోసం ఉన్న కణాలే పొరపాటున సొంత థైరాయిడ్ మీద దాడి చేయడం వల్ల వచ్చేది. దీన్ని 1912లో జపాన్ డాక్టర్ హకారు హషిమొటో వర్ణించాడు, ఆయన పేరే ఉండిపోయింది. యాంటీ టీపీఓ అనే పరీక్ష దీని కోసమే. ఇది కుటుంబాల్లో నడుస్తుంది. మా ఇంట్లో అమ్మ, నేను, మా పెద్దమ్మ కూతురు. మగవాళ్ళకూ వస్తుంది గానీ ఆడవాళ్ళలో చాలా రెట్లు ఎక్కువ. మీరు ఏదో తిన్నందుకో తిననందుకో వచ్చింది కాదు, కాబట్టి అత్తగారి ముందు తప్పు చేసినట్టు తల దించుకోవాల్సిన పని లేదు.

అయితే అయోడిన్ కథ చెప్పకుండా వదలలేను, ఎందుకంటే అందులో మనవాడు ఒకాయన ఉన్నాడు. ఒకప్పుడు హిమాలయాల పక్క ఊళ్ళలో మెడ కింద సంచిలా వేలాడే గలగండం ఇంటింటా ఉండేది. కొండ నేలల్లో అయోడిన్ వానలకు కొట్టుకుపోవడం దానికి కారణం. శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదువుకున్న డాక్టర్ వులిమిరి రామలింగస్వామి తన సహచరులతో కలిసి 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో ఒక పరీక్ష మొదలుపెట్టారు. లోయని మూడు భాగాలు చేసి, రెండు భాగాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు సరఫరా చేయించారు. కొన్నేళ్ళకు అయోడిన్ ఉప్పు తిన్న ఊళ్ళలో గలగండం బాగా తగ్గింది. మూడో భాగంలో తగ్గలేదు, తర్వాత వాళ్ళకూ అదే ఉప్పు ఇచ్చారు. గలగండం నియంత్రణకు జాతీయ పథకం 1962లో వచ్చింది. ఇవాళ కిరాణా కొట్లో ప్యాకెట్ మీద కనబడే "అయోడైజ్డ్" అనే మాట వెనక ఇంత ఉంది.

మరి ఇంట్లో పింక్ సాల్ట్, సైంధవ లవణం వాడుతున్నాం, పరవాలేదా?

రుచి కోసం అప్పుడప్పుడూ అయితే మీ ఇష్టం. రోజూ వంటకి అదొక్కటే వాడితే అయోడిన్ దాదాపు అందదు. ముఖ్యంగా గర్భిణి, చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో అయోడిన్ ఉప్పు మానకండి. అలాగని మాత్ర వేసుకుంటున్నవాళ్ళు ఉప్పు ఎక్కువ తింటే థైరాయిడ్ బాగుపడదు. బీపీ పెరుగుతుంది, అంతే.

క్యాబేజీ, కాలీఫ్లవర్ మానేయాలా? సజ్జలు కూడా తినకూడదట?

వండుకుని, మామూలుగా మనం తినేంత తింటే ఏమీ కాదు. క్యాబేజీ, కర్రపెండలం, సజ్జలు లాంటివాటిలో థైరాయిడ్ పనికి అడ్డుపడే పదార్థాలు ఉన్న మాట నిజమే. కానీ అది సమస్యగా మారేది అయోడిన్ అందని చోట, పూటపూటా అదే తిండి అయినప్పుడు. వారానికోసారి క్యాబేజీ పెసరపప్పు కూర చేసుకున్నందుకు టీఎస్‌హెచ్ పెరగదు. యూట్యూబ్‌లో పచ్చి క్యాబేజీ జ్యూస్ తాగమనేవాళ్ళని మాత్రం వదిలేయండి.

మాత్ర ఎలా వేసుకోవాలి?

నన్నడిగితే ఈ పేజీ మొత్తంలో ముఖ్యమైనది ఇదే. నా మొదటి రెండేళ్ళు ఇది తెలియకే పోయాయి.

అప్పట్లో నా పొద్దు ఇలా ఉండేది. అయిదున్నరకి పాల ప్యాకెట్ తెచ్చుకోవడం, స్టవ్ మీద పాలు, పక్కన ఫిల్టర్‌లో డికాక్షన్ దిగుతూ ఉండేది. కాఫీ కలుపుకుని, మొదటి గుక్కతో మాత్ర మింగేదాన్ని. పరగడుపునే కదా అని నా ధైర్యం. టిఫిన్ అవగానే కాల్షియం మాత్ర, రక్తం తక్కువ ఉందని ఐరన్ మాత్ర. మూణ్ణెల్లకోసారి పరీక్ష, ప్రతిసారీ అంకె ఎక్కువే. డోసు 50 నుంచి 75 అయింది, 75 నుంచి 100 అయింది. ఒళ్ళు మాత్రం అలాగే బరువు. చివరికి మందుల షాపులో ఒక పెద్దాయన నా చీటీ చూసి, "అమ్మా, ఇవన్నీ ఏ టైముకి వేసుకుంటున్నారు?" అని అడిగాడు. అంతకుముందు ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

లీవోథైరాక్సిన్ అనే ఈ మాత్ర చాలా పెంకిది. కడుపులో ఇంకేమైనా ఉంటే సరిగ్గా ఒంటబట్టదు. మైక్రోగ్రాముల్లో ఉండే మందు, అందులో కొంత పోయినా తేడా కొడుతుంది. కాబట్టి లేవగానే ఒట్టి మంచినీళ్ళతో వేసుకుని, అరగంట నుంచి గంట దాకా ఏమీ తినకూడదు, కాఫీ టీలు కూడా తాగకూడదు. కాల్షియం, ఐరన్ మాత్రలకీ దీనికీ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. గ్యాస్ మాత్రలు రోజూ వేసుకునే అలవాటు ఉంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, అవి కూడా దీన్ని ఒంటబట్టనివ్వవు. సోయా పిండి, సోయా పాలు మాత్ర దగ్గరలో వద్దు.

నేను చేసిందల్లా కాఫీని ముప్పావుగంట వెనక్కి, కాల్షియం ఐరన్లని మధ్యాహ్నం భోజనానికి జరపడం. ఆ సంగతి డాక్టర్‌కి చెబితే ఎనిమిది వారాలకి మళ్ళీ పరీక్ష చేయించి, డోసు తిరిగి 75కి దించారు. ఇప్పటికీ అంతే నడుస్తోంది.

పొద్దున కుదరదు, నైట్ డ్యూటీ. రాత్రి వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు. చివరి తిండి అయిన మూడు గంటల తర్వాత, పడుకోబోయే ముందు. డాక్టర్‌కి చెప్పి మార్చుకోండి, ఇక ఆ వేళనే పట్టుకోండి. ఒకరోజు పొద్దున, ఒకరోజు రాత్రి పనికిరాదు. రంజాన్ ఉపవాసాలు ఉండేవాళ్ళకి కూడా చాలావరకు ఈ పద్ధతే వీలుగా ఉంటుంది.

ఒకరోజు మర్చిపోతే?

టెన్షన్ వద్దు. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది, ఒక్కపూటతో ఏమీ కాదు. అదే కారణంగా డోసు మార్చిన పది రోజులకే పరీక్ష చేయించుకోవడం డబ్బు దండగ. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగితేనే అసలు అంకె తెలుస్తుంది.

జీవితాంతం వేసుకోవాలా? అలవాటైపోతుందేమో?

హషిమొటో రకం అయితే చాలామందికి జీవితాంతమే. కానీ "అలవాటు" అనే మాట దీనికి సరిపోదు. ఒంట్లో తయారవ్వాల్సిన హార్మోను తయారవ్వడం లేదు, అదే హార్మోనుని బయటి నుంచి ఇస్తున్నాం. కళ్ళజోడుకి అలవాటైపోయారు అని ఎవరినైనా అంటామా?

మాత్ర లేని కాలం ఎలా ఉండేదో తెలిస్తే ఈ ప్రశ్న అడగబుద్ధి కాదు. 1891లో ఇంగ్లండ్‌లో జార్జ్ ముర్రే అనే డాక్టర్, ఒళ్ళంతా ఉబ్బి మందకొడిగా అయిపోయిన నలభై ఆరేళ్ళ ఒకావిడకి గొర్రె థైరాయిడ్ రసం సూదిమందుగా ఇచ్చాడు. ఆమె తేరుకుని, ఆ మందు మీదే ఇంకో ఇరవై ఎనిమిదేళ్ళు బతికింది. మనకి ఆవగింజ కంటే కాస్త పెద్ద బిళ్ళ, గుక్కెడు నీళ్ళు.

కాన్పు తర్వాత వచ్చినవి, కొన్ని వాపుల వల్ల వచ్చినవి మాత్రం కొన్నాళ్ళకి తగ్గిపోవచ్చు. ఆపాలా వద్దా అన్నది డాక్టర్ చూసి చెప్పాలి, అంకె మామూలుగా వచ్చింది కదా అని మనంతట మనం ఆపేయకూడదు. మామూలుగా వచ్చింది మాత్ర వేసుకుంటున్నందుకే.

నెలసరికీ దీనికీ సంబంధం ఉందా?

చాలా ఉంది. థైరాయిడ్ తగ్గితే బహిష్టు ఎక్కువ రోజులు, ఎక్కువగా అవడం మామూలు. కొందరికి నెలలు తప్పుతుంది. థైరాయిడ్ బాగా తగ్గినప్పుడు ప్రొలాక్టిన్ అనే ఇంకో హార్మోను కూడా పెరిగి, పిల్లలకు పాలివ్వనివాళ్ళకి కూడా రొమ్ముల్లో పాలలాంటిది కనబడవచ్చు. భయపడి ఏవేవో ఊహించుకునే ముందు టీఎస్‌హెచ్ చూపించుకోవాలి. పీసీఓడీ (అండాశయాల్లో నీటి బుడగల సమస్య) అని పేరు పెట్టేముందు కూడా థైరాయిడ్ ఒకసారి చూడాలి, ఎందుకంటే నెలలు తప్పడం, బరువు, జుట్టు రాలడం రెండింట్లోనూ ఉంటాయి. అవాంఛిత రోమాలు మాత్రం పీసీఓడీ వైపు చూపిస్తాయి. రెండూ ఉన్నవాళ్ళూ ఉంటారు.

పిల్లల కోసం చూస్తున్నాం. ఈ మాత్ర ఆపాలా?

ఆపకూడదు. అసలు ఆపకూడదు. గర్భం వచ్చాక "ఇంగ్లీషు మందులు వేడి" అని పెద్దవాళ్ళు ఆపించిన ఇళ్ళు నాకు తెలుసు. మొదటి మూడు నెలలు బిడ్డ సొంత థైరాయిడ్ ఇంకా పని మొదలుపెట్టదు. బిడ్డ మెదడు, నరాలు ఎదగడానికి కావలసిన హార్మోను అంతా తల్లి నుంచే రావాలి. తల్లి దగ్గరే లేకపోతే?

గర్భం వచ్చిన మొదటి వారాల నుంచే మాత్ర అవసరం పెరుగుతుంది, చాలామందికి అంతకుముందు వేసుకునే దానికంటే పావు నుంచి సగం దాకా ఎక్కువ. అందుకే నెల తప్పిందని తెలిసిన రోజే డాక్టర్‌కి ఫోన్ చేయండి, వచ్చే నెల స్కానింగ్ దాకా ఆగకండి. గర్భం కోసం ప్రయత్నిస్తున్నప్పుడూ, మొదటి నెలల్లోనూ టీఎస్‌హెచ్ 2.5 లోపు ఉండేలా చూస్తారు. సగం నెలలు నిండేదాకా సుమారు నాలుగు వారాలకోసారి పరీక్ష ఉంటుంది. గర్భిణికి ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలు ఇక్కడ మళ్ళీ అడ్డొస్తాయి, నాలుగు గంటల లెక్క మర్చిపోవద్దు. కాన్పు అయ్యాక డోసు సాధారణంగా పాతదానికి తగ్గిస్తారు.

పుట్టిన బిడ్డ మడమ నుంచి రక్తం తీసుకుంటామంటున్నారు. పసిగుడ్డుకి ఎందుకు ఆ బాధ?

తీయనివ్వండి. అడగకపోతే మీరే అడిగి చేయించుకోండి. కొందరు పిల్లలు థైరాయిడ్ లేకుండానో, సరిగ్గా పనిచేయకుండానో పుడతారు, మన దేశంలో ఇది సుమారు వెయ్యి మందిలో ఒకరికి. పుట్టినప్పుడు చూస్తే ఏమీ తెలియదు. బిడ్డ బాగా నిద్రపోతుంది, ఏడవదు, "బంగారు తల్లి, అస్సలు విసిగించదు" అని మురిసిపోతాం. పుట్టిన మొదటి రెండు వారాల్లో మందు మొదలుపెడితే అందరు పిల్లల్లాగే చదువుకుంటుంది. నెలలు ఆలస్యమైతే బుద్ధి ఎదుగుదలలో వచ్చిన లోటు తిరిగి రాదు.

చేతులు తిమ్మిర్లు ఎక్కుతున్నాయి. నరాల జబ్బా, థైరాయిడా?

మా అమ్మ సంగతి చెబుతాను. రాత్రి రెండింటికి లేచి మంచం మీద కూర్చుని, తడి చేతులు దులుపుకున్నట్టు కుడిచెయ్యి దులుపుకునేది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారిపోయేవి, చిటికెనవేలు మాత్రం శుభ్రంగా ఉండేది. పొద్దున ముగ్గుపిండి చేతిలోంచి జారిపోయేది. పక్షవాతం వస్తుందేమోనని లోలోపలే భయపడి ఎవరికీ చెప్పలేదు. నాన్న బలవంతాన తీసుకెళితే డాక్టర్ ఆ చిటికెనవేలు గురించే ముందు అడిగారు. మణికట్టు దగ్గర ఇరుకు దారిలోంచి వెళ్ళే ఒక నరం ఆ మూడు వేళ్ళకీ, ఉంగరపు వేలు సగానికీ స్పర్శ ఇస్తుంది, చిటికెనవేలికి కాదు. థైరాయిడ్ తగ్గితే అక్కడి కణజాలం ఉబ్బి ఆ నరాన్ని నొక్కుతుంది. దాన్ని కార్పల్ టన్నెల్ అంటారు. తర్వాత మడమ వెనక చిన్న సుత్తితో కొట్టి చూశారు. పాదం ముందుకు కదిలింది గానీ వెనక్కి రావడానికి తీరిగ్గా, బద్ధకంగా వచ్చింది. అది చూసే థైరాయిడ్ పరీక్ష రాశారు. మాత్ర, రాత్రిపూట మణికట్టుకి పట్టీ. కొన్ని నెలల్లో నిద్ర తిరిగొచ్చింది.

అయితే ప్రతి తిమ్మిరీ థైరాయిడ్ కాదు. షుగర్, బీ12 లోపం ఇంకా మామూలు కారణాలు. హషిమొటో ఉన్నవాళ్ళలో బీ12 ఒంటబట్టకపోవడం కూడా ఎక్కువే, కాబట్టి రెండూ చూపించుకోవాలి. మూతి వంకర పోవడం, ఒక పక్క చెయ్యి కాలు ఉన్నట్టుండి పడిపోవడం, మాట తడబడటం లాంటివి మాత్రం ఈ లెక్కలోవి కావు. అప్పుడు థైరాయిడ్ సంగతి తర్వాత, ముందు ఆసుపత్రికి పరుగెత్తాలి.

మతిమరుపు, ఏడుపు, దేని మీదా ఆసక్తి లేకపోవడం?

థైరాయిడ్ తగ్గితే ఇవన్నీ ఉండొచ్చు. డిప్రెషన్ అనుకున్నది థైరాయిడ్ అయినవాళ్ళున్నారు. థైరాయిడ్ సరైనా డిప్రెషన్ మిగిలినవాళ్ళూ ఉన్నారు. రెండోదానికి వేరే వైద్యం కావాలి, దానికి సిగ్గుపడక్కర్లేదు. కాన్పయిన మొదటి ఏడాదిలో బాలింత ఊరికే చిరాకు పడుతున్నా, నీరసపడుతున్నా, గుండె దడ అంటున్నా "నిద్ర లేక" అని కొట్టిపారేయకుండా ఒకసారి టీఎస్‌హెచ్ చూపించండి. కాన్పు తర్వాత థైరాయిడ్ వాపు రావడం అంత అరుదేమీ కాదు. ముందు కొన్ని వారాలు పెరిగి, తర్వాత తగ్గుతుంది.

మాత్ర వేసుకుంటే సన్నబడతానా?

కొంచెం. థైరాయిడ్ వల్ల పెరిగే బరువు సాధారణంగా మూడు నాలుగు కిలోలు, అందులోనూ ఎక్కువ భాగం ఒంట్లో చేరిన నీరు, ఉప్పు. ఇరవై కిలోలు పెరిగి థైరాయిడ్ మీద నెట్టేయడం గ్రంథికి అన్యాయం. సన్నబడటానికి డోసు ఎక్కువ వేసుకోవడం ప్రమాదం: గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి.

థైరాయిడ్ పెరిగితే ఎలా తెలుస్తుంది?

అన్నీ తారుమారు. బాగా తింటూనే బరువు తగ్గడం, గుండె దడ, చేతులు వణకడం, చెమటలు, విరేచనాలు, నెలసరి తక్కువవడం. గ్రేవ్స్ రకం (ఒంట్లోని రక్షణ వ్యవస్థే థైరాయిడ్‌ని అతిగా పని చేయించే జబ్బు) అయితే కళ్ళు ముందుకు పొడుచుకొచ్చినట్టు అవుతాయి. దీని మందులు పూర్తిగా వేరు. వాటిలో ఒకటైన కార్బిమజోల్ వేసుకుంటున్నవాళ్ళు ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి: జ్వరంతో గొంతునొప్పి వస్తే మాత్ర ఆపి, అదేరోజు డాక్టర్‌ని కలిసి రక్తకణాల లెక్క చూపించుకోవాలి. అరుదుగా ఈ మందు తెల్లకణాలని పడగొడుతుంది. గర్భం కోసం చూస్తుంటే ముందే చెప్పాలి, మందు మార్చాల్సి రావచ్చు.

పరీక్షకి పరగడుపున వెళ్ళాలా?

టీఎస్‌హెచ్‌కి పరగడుపు తప్పనిసరి కాదు. కానీ పొద్దున ఒక అంకె, సాయంత్రం ఒక అంకె వస్తుంది కాబట్టి ప్రతిసారీ ఇంచుమించు ఒకే వేళకి, వీలైతే ఒకే ల్యాబ్‌లో ఇవ్వండి. ఆ రోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోండి. జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే కనీసం రెండు రోజుల ముందు ఆపండి, అది చాలా యంత్రాల లెక్కని తప్పుదారి పట్టిస్తుంది. మా ఆడపడుచుకి అలాగే తప్పుడు రిపోర్టు వచ్చి, ఆ వారమంతా మాకు నిద్ర లేదు.

సీసా ఎక్కడ పెట్టాలి?

స్టవ్ పక్క అరలో వద్దు, కిటికీ గట్టు మీద వద్దు. వేడి, వెలుతురు, తేమ ఈ మాత్రకి పడవు. మన ఎండాకాలాలు తెలుసుగా. మూత గట్టిగా బిగించి, పడకగదిలో చల్లగా ఉండే అరలో పెట్టుకుంటే చాలు. వారానికి సరిపడా ప్లాస్టిక్ డబ్బాలో సర్దుకునేకంటే సీసాలోనే ఉండనివ్వండి. నేను నా సీసాని మంచం పక్కన చెంబు, గ్లాసుల దగ్గర పెడతాను. పొద్దున కళ్ళు సరిగ్గా తెరవకముందే చేతికి అందుతుంది, వంటింట్లో డికాక్షన్ వాసన ముక్కుకి తగలకముందే.